పందొమ్మిది పౌన్ల బంగారం

నాంపల్లి, హైదరాబాదు
14 ఆగస్టు 1955

లక్ష్మీనర్సమ్మ వదినకు వసుమతి దండాలు.

'ఇక్కడ మేమంతా క్షేమం' అని రాసి జాబు మొదలువెట్టాలని నీకు అక్షరాలు నేర్పిన నాడు నేనే చెప్పిన. ఇయ్యాల గా ముక్క నేనే ఎగవెడుతున్న. గురువు తప్పు పట్టకు.

నీ జాబు ముట్టింది. నాలుగు పేజీలల మూడు పేజీలు నేను పంపిన చింతకాయ తొక్కుల ఉప్పు ఎక్కువైందనే రాసినవు. నాలుగో పేజీల మీ బర్రె ఈనిందని రాసినవు. మా అన్న పానం ఎట్లున్నదో ఏడ దేవులాడినా దొరకలే. బర్రె తర్వాతనన్న జర ఆయన పేరు రాయి.

ఇగ నా ముచ్చట. ఎడమ రొమ్ముల రేగ్గాయంత గడ్డ లేసింది. నొప్పి లేదు, గందుకే నాలుగు నెలలు నోరు మూసుకోని ఉన్న. మొన్న మా ఇంటాయనకు చెప్పిన. అబిడ్స్ల పొద్దంత కంటికి నల్ల అద్దం బిగిచ్చుకోని గడియారాలు బాగుచేసే మనిషి గద, 'విప్పి చూస్తెగాని చెప్పలేం' అన్నడు. గడియారమైనా పెండ్లామైనా ఆయనకు ఒక్కటే మాట. కాని తెల్లారి దుకాణం బందువెట్టి దవాఖానకు తోల్కపోయిండు.

డాక్టరమ్మ రెండు నిమిషాలు ఒత్తి చూసి కాన్సర్ అన్నది. గడ్డ ఒక్కటే తీస్తె సాలదట, రొమ్ము మొత్తం తియ్యాలెనట, చంక దాకా. పెరట్ల కలుపు గురించి చెప్పినంత సులువుగ చెప్పింది.

దీనికి కారణం ఎవ్వరో నాకెరుకే. మీ శ్రీపతి. నీకు టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోయి పడుకుంటె, ఎనిమిది నెలలు వానికి పాలు తాపినందుకు గిది ఇనాము. మొదటి పన్ను రాంగనే కసుక్కున కొరికిండు సూడు, గది గీ రొమ్మే. ఇప్పుడు కాజీపేటల రైలు నౌకరి చేసుకుంట ఏం ఎరుగనోని లెక్క తిరుగుతుండు. గా పన్ను ఎప్పుడు వాపస్ తీసుకపోతడో అడుగు.

ఉప్పు తక్కువేసి మల్లొక్క జాడి తొక్కు పెట్టిన. పంపను.

నీ ఆడిబిడ్డ,
వసుమతి

*

హన్మకొండ
22 ఆగస్టు 1955

వసుమతికి వదిన దీవెనలు.

గసొంటి ముచ్చట బర్రె కిందికి రాస్తవా? నీ జాబు మీ అన్నకు సదివి చెప్పంగ ఆయన మంచం మీదికెల్లి లేసి వాకిట్ల కూసున్నడు, అన్నానికి పిలిస్తె సుత లోపలికి రాలే. ఇగో, మా అన్న పానం ఎట్లున్నది అని అడిగితివి గద, గిట్లున్నది.

శ్రీపతిగాడు ఆదివారం ఇంటికి రాంగనే నీ జాబు వాని ముంగట వెట్టిన. ఎందుకు కొరికినవురా అని అడిగిన. వానికి యాది లేదట. ఎట్లుంటది, అన్నం పెట్టిన చెయ్యిని యాది వెట్టుకునే అలవాటు మీ వంశంల ఏడున్నది? మస్తు తిట్టిన. పప్పు సగంల ఇడిసిపెట్టి లేసిపోయిండు.

నువ్వు ఊకె రాయవని నాకెరుక. పరాచికం చేసినట్టు రాసినా లోపల ఏదో ఉంటెనే రాస్తవు. నా కొడుకు వల్లనే నీకు గీ తిప్పలు వచ్చింది. నేను జరం వడకపోతె వాడు నీ తాన పాలు తాగకపోవు, నీకు గది లేవకపోవు. గందుకే మేడారం సమ్మక్కకు నీ నిలువెత్తు బంగారం మొక్కిన. మన తల్లికి బెల్లమే బంగారం గద, నీ తూకమంత బెల్లం గద్దె మీద పెడత. వచ్చే మాఘంల జాతర. ఎట్లనన్న నువ్వు గప్పటిదాక ఉండాలె. మొక్కినంక పోతె నేను దేవత ముంగట ఏం మొకం పెట్టుకోని నిలవడాలె?

బెల్లం దుకాణపు మొగులయ్య ఇప్పటి నుంచే చెప్పి పెట్టుమన్నడు. నీ తూకం ఎంతనో రాయి. కంటి అందాజ మీద కొందామంటె, పోయిన పెండ్లిల నువ్వు నడుస్తుంటె చాప మీద తాంబూలాలు కదిలినయ్. తక్కువ పెడితె తల్లికి కోపమొస్తది, ఎక్కువ పెడితె నీకు కోపమొస్తది.

ఆపరేషన్ ఎప్పుడో రాయి. నేను రెండు చీరెలు మూట గట్టి పెట్టుకున్న.

లక్ష్మీనర్సమ్మ

*

నాంపల్లి
2 సెప్టెంబరు 1955

వదినా,

నీకు అక్షరాలు నేర్పిన గాని పరాచికం నేర్పకపోతి. తప్పు నాదే. పిల్లగాని పన్నుకు గిట్లాంటి గడ్డ రాదు. డాక్టరమ్మను అడిగిన సుత. ఆమె నవ్వింది, గా దవాఖానల ఆమె నవ్వుడు నర్సమ్మలు గదే మొదలు చూసిన్రట. శ్రీపతికి చెప్పు, పప్పు మొత్తం తినుమను.

తూకం అడిగితివి. మా నాంపల్లి టేషన్ల ఒక మిషన్ ఉన్నది. ఎక్కి నిలవడి బిళ్ల ఏస్తె గుండ్రంగ ఒక చక్రం తిరిగి అట్టచీటీ పడుతది. ఒక దిక్కు తూకం, ఇంకో దిక్కు జాతకం. ఇద్దరం పోయినం. నేనెక్కితె నూటాఇరువై ఎనిమిది పౌన్లు వచ్చింది. ఎనుక దిక్కు అంగ్రేజిల ఉన్నది మా ఇంటాయన సదివిండు: 'మీ మాట తీయన. అందరు మిమ్ములను ప్రేమిస్తరు.' సదివి, గీ మిషన్ బాగుచెయ్యవలసినదే అన్నడు. చీటీ దీంట్ల పెడుతున్న, పైలం.

నువ్వు మాత్రం రాకు. వస్తివా, నర్సమ్మలకు పక్క పరుచుడు నేర్పుతవు, డాక్టరమ్మకు కత్తి పట్టుడు నేర్పుతవు. వాండ్లు నన్ను పక్కకు పెట్టి నీకు మత్తుమందు ఇస్తరు. నీ చీరెల మూట ఇప్పి దండెం మీద వెయ్యి.

ఆపరేషన్ ఎప్పుడంటె, చూద్దాం. తొందర ఏమున్నది.

వసుమతి

*

హన్మకొండ
13 సెప్టెంబరు 1955

వసుమతికి,

మూట ఇప్పిన. దండెం మీద ఏసిన. మీ అన్న ఏందని అడిగితె, పట్నపోల్లు మనల రావద్దన్నరు అని చెప్పిన.

ఎందుకు రాకన్నవో నాకు ఎరుక లేదనుకున్నవా? నర్సమ్మల పేరు అడ్డం పెడుతున్నవు. ఇరువై రెండేండ్ల సంది కడుపుల పెట్టుకున్నవు. జరం పోయి నెలల మీద నాకు ఒంట్ల బలం వచ్చినంక, నువ్వు బాయికాడికి పోయింది చూసి, నీ పక్కలకెల్లి పిల్లగాన్ని ఎత్తుకోని మా అమ్మగారింటికి పోయిన. నీకు ఒక్క మాట చెప్పలే. నువ్వు తిరిగొచ్చి ఖాళీ ఉయ్యాల చూసినవని తర్వాత మీ అన్న చెప్పిండు. నువ్వు తెల్లారె పట్నం బండెక్కినవు, గా దినం సంది గిదాకా దాని గురించి నన్ను ఒక్క మాట అనలే. తొక్కుల ఉప్పు గురించి, బర్రె గురించి, అన్నీ అంటవు. గదొక్కటి అనవు.

గందుకే ఇప్పుడు రాకన్నవు. న్యాయమే. రాను.

'తొందర ఏమున్నది' అని రాసినవు. ఉన్న తొందరంత దాంట్లనే ఉన్నది. నేను బడికి పోనిదాన్ని, నాకే తెలుస్తున్నది. తారీఖు రాయి.

లక్ష్మీనర్సమ్మ

*

నాంపల్లి
27 సెప్టెంబరు 1955

వదినా,

ఏ కాలం ముచ్చటనో తవ్వి తీసినవు. నర్సమ్మల మీద నేనొక పరాచికం ఆడితె దాంట్లకెల్లి ఉయ్యాల తీసినవు. నీ తెలివికి దండం.

సరే, రాస్త. సోమవారం పొద్దుగాల, మూడో తారీఖు. ఆదివారమే దవాఖానల పండుకోవాలె. నిన్న మా ఇంటాయన ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టిండు. వెంట్రుకంత స్ప్రింగును పట్టుకుంటె చెయ్యి వణకని మనిషి, పేరు సగం రాసి సిరా ఒలకబోసిండు. ఇంకో కాగితం తెప్పిచ్చిన్రు. దవాఖానకు కూడ మా ఖర్చు మొదలైంది.

తొందర ఎందుకు పడలేదంటె, చెప్త, మీ ఇంట్ల ఎవ్వరికి సదివి వినిపియ్యకు. నా పోరి పదకొండు రోజులు బతికి పోయింది. నీకెరుకే. రొమ్ములు రాళ్ళయి జరమొచ్చి నేను ఒక మూలకు, టైఫాయిడ్‌తోని నువ్వు ఒక మూలకు. మా అమ్మ మీ పిల్లగాన్ని తెచ్చి నా ఒళ్ళెకు పడేసింది, ఏడ్సుడు బందువెట్టి పాలు తాపు అన్నది. కుడి దిక్కు పట్టలే. ఎడమ దిక్కే తాగెటోడు. నా ఒంట్ల ఒకరి పానం నిలవెట్టింది ఏమన్న ఉంటె గదొక్కటే. తర్వాత నాకు పిల్లలు కాలే, దానికి మల్ల పని వడలే. డాక్టరమ్మ 'గిది మీకు ఇప్పుడేం అక్కర లేదు గద' అని అడిగింది. లేదన్న. ఇంటికొచ్చి పండుకోని ఏడ్సిన.

నువ్వు పిల్లగాన్ని తీసుకపోయినందుకు కోపముండెనా అంటె, ఉండె. ఇప్పుడు లేదా అంటె, తొక్కుల ఉప్పు ఎందుకు ఎక్కువేస్తున్ననో నువ్వే ఆలోచన చెయ్యి.

సోమవారం దేవునికి దీపం పెట్టు. ఆయనకు సుత ఎట్ల వెలుగాల్నో నేర్పకు.

వసుమతి

*

నాంపల్లి
12 నవంబరు 1955

వదినా,

బతికిన. ఎక్కువ సంతోషపడకు.

మూడు వారాలు దవాఖానల ఉంచిన్రు. రొమ్ము పోయింది, చంకల గడ్డలు పోయినయ్. పక్కటెముకల మీద తోలు ఒకటే మిగిలింది. మొదటిసారి కట్టు విప్పిన నాడు చూడను అన్న. మా ఇంటాయన చూసిండు. చాల సేపు చూసి, 'కుట్లు మంచిగ ఏసిన్రు, సన్న పని' అన్నడు. నాకు నవ్వొచ్చి కుట్లు గుంజినయ్.

ఇప్పుడు ఎడమ చెయ్యి లేస్తలేదు. గోడకు ఎదురుగ నిలవడి వేళ్ళతోని పైకి పాకుమన్నరు. రోజు ఏడిదాక పోతె ఆడ మా ఇంటాయన పెన్సిల్ గీత గీస్తడు. గీతలు కిటికి దాక వచ్చినయ్. కిరాయి ఇల్లు, ఇంటోల్లు చూస్తె ఏమంటరో. జడ మా గిన్నెలు తోమే యాదవ్వ వేస్తున్నది. పక్కింటి ఆడోల్లు రోజుకిద్దరు వచ్చి నా మొకం చూడకుంట పైట చూసుకుంట బియ్యం ముచ్చట చెప్పి పోతున్నరు. ఒకామె లోపల ఏం పెట్టుకున్నవని అడిగింది. బూరుగు దూది, ఇంకా మిగిలింది, నీకు కావాల్నా అని అడిగిన. మల్ల రాలే.

మీ శ్రీపతి ప్రతి ఆదివారం రైలెక్కి దవాఖానకొచ్చిండు. మంచం పక్కన దొంగతనం చేసి దొరికినోని లెక్క కూసునెటోడు. మూడో వారం అడిగిండు, 'అత్తమ్మా, నిజంగ నా పన్నేనా?' అని. ఇరువై రెండేండ్ల మొగోడు, మీసాలున్నయ్. వాని చెయ్యి పట్టుకోని, కాదు బిడ్డా, నేను మీ అమ్మతోని ఊకె పరాచికమాడిన అని చెప్పేసరికి ఇద్దరికి కండ్లల్ల నీళ్ళు. ఇగ నుంచి జాబుల పరాచికమాడితె పక్కన 'గిది పరాచికం' అని రాస్త.

ఒక్కటి అడుగుత. గిది పరాచికం కాదు. రాకు అన్న. నువ్వు రాలే. ముప్పై ఏండ్లల నేను చెప్పిన మాట ఒక్కటి విన్నవా? తొక్కు గురించి విన్నవా, బర్రెను అమ్ముమంటె విన్నవా? నా మాట మొదటిసారి వినుడు గప్పుడే వినాల్నా? మత్తుకెల్లి లేసి నేను మొదలు నిన్నే దేవులాడిన.

వసుమతి

*

హన్మకొండ
20 నవంబరు 1955

వసుమతీ,

నీకు చెప్పద్దనుకున్న.

నేను వచ్చిన. మూడో తారీఖునాడు నాంపల్లి టేషన్ల ఉన్న. శ్రీపతి, నేను ఆదివారమే దిగినం. దవాఖానకు రాకన్నవు గాని, టేషన్ దాకా రాకనలే గద. పొద్దుగాల ఆరింటి నుంచి గా తూకం మిషన్ పక్కన బల్ల మీద కూసున్న. వాన్ని దవాఖానకు తోలిన, మీ అత్తమ్మకు కనవడకురా, అడిగి రా అని చెప్పిన. వాడు మూడుసార్లు ఉరికిండు. మధ్యాహ్నం వచ్చి 'అయిపోయింది, పానం మంచిగనే ఉన్నది' అన్నడు. గప్పటిదాక చాయ సుత తాగలే. ఊకె కూసునుడెందుకని గా మిషన్ ఎక్కిన, నూటా నలభై. ఎనుక ఏమున్నదని శ్రీపతిని సదువుమంటె, 'మీరు ఓపికగల మనిషి' అని ఉన్నదట. అచ్చేసినోడు నన్ను ఎరుగడు. సాయంత్రం బండెక్కి వచ్చిన. వాడు నీకు చెప్తనంటె చంపుతనన్న.

లోపలికి ఎందుకు రాలేదంటె భయమైంది. కోపానికి కాదు. నిన్ను గట్ల చూసి తట్టుకోనని.

ఉయ్యాల ముచ్చట సుత పూర్తిగ చెప్త. అన్ని నెలలకు మంచం దిగి నేను చేతులు చాపితె వాడు నన్ను చూసి ఏడ్సి, మొకం తిప్పి నీ రవికెల దాసుకున్నడు. వారం రోజులు చూసిన. నాకు మండింది. వాన్ని నిలవెట్టిన మనిషి మీద కడుపుమంట పడ్డ. గందుకే చెప్పకుంట ఎత్తుకపోయిన. నీకు ఎప్పుడు చెప్పలే, సిగ్గు. ఇప్పుడు సుత సిగ్గే.

చెయ్యి ఏ గీత దాక వచ్చిందో రాయి. గోడ పాడైతె సున్నం నేనేయిస్త.

లక్ష్మీనర్సమ్మ

*

నాంపల్లి
22 జనవరి 1956

వదినా,

నీ జాబు మూడుసార్లు సదివిన. నాలుగోసారి మా ఇంటాయన సదివిండు, వద్దంటె వినలే. నల్ల అద్దం పెట్టుకోని సదివిండు గనుక తడి కనవడలే.

టేషన్ల కూసున్నవా. మన రెండిండ్లల్ల సక్కగ మాట్లాడెటోల్లు ఎవ్వరు లేరు, గా బర్రె ఒక్కటి తప్ప.

చెయ్యి తలుపు మీది పట్టె దాక లేసింది. మొన్న జడ నేనే ఏసుకున్న, వంకర వచ్చింది, యాదవ్వ విప్పి మల్ల వేస్తనంటె ముట్టనియ్యలే. గా వంకర జడతోనే నుమాయిష్‌కు పోయిన. మైదానమంత దీపాలు, జనం. ఎవ్వలు నా పైట చూడలే, అందరు గాజులు చూస్తున్నరు. ఎంత సుఖమనిపిచ్చిందో.

వచ్చేటప్పుడు టేషన్ల మిషన్ ఎక్కిన. నూటా తొమ్మిది పౌన్లు. ఎనుక ఏమున్నదంటె, 'రానున్న దినాలల్ల మీకు లాభం'. పందొమ్మిది పౌన్లు పోయినదాన్ని పట్టుకోని లాభమంటది. డాక్టరమ్మ మాత్రం ఇప్పటికైతె ఏం లేదు, ఆరు నెలలకోసారి చూపియ్యాలె అన్నది. ఆరు నెలలు ఆరు నెలలుగ బతుకుతున్న. నువ్వేమో యాభై ఏండ్లకు సరిపోను బియ్యం ఒక్కసారె కొంటవు.

కొత్త చీటీ పెడుతున్న. మొక్కు దీని ప్రకారం చెయ్యి, పాతది చింపెయ్యి. లేనిదానికి బెల్లమెందుకు? తల్లికి మాత్రం అబద్ధపు తూకం చెప్పకు.

జాతర అయినంక నువ్వు రా. గిది పరాచికం కాదు. రా.

వసుమతి

*

హన్మకొండ
3 మార్చి 1956

వసుమతికి,

మొక్కు చెల్లింది. మూడు దినాలు ఎడ్లబండ్ల, దుమ్ముల పోయి వచ్చినం. మీ అన్న దారి పొడుగున నడుము నొప్పి అన్నడు, గద్దె కాడికి రాంగనే అందరికంటె ముందు ఉరికిండు. ఆయన పానం ఎట్లున్నదో గిప్పుడు రాసిన, మల్ల అడుగకు.

నీ మాట నేను వినలే. నువ్వు చెప్పింది ఒక్కసారి విని మస్తు పరేషాన్ అయిన, ఇగ వినను. పాత చీటీ చింపలే. నూటాఇరువై ఎనిమిది పౌన్లే జోకిచ్చిన. మొగులయ్యకు రెండు చీటీలు చూపెడితె, ఇప్పుడున్న మనిషి నూటా తొమ్మిదే గద, మిగిలింది ఎవరి పేరు మీద అని అడిగిండు. అది సుత మా ఆడిబిడ్డనే అన్న. గా పందొమ్మిది వేరే మూట గట్టుమన్న.

పెద్ద మూటలు బండి మీద వచ్చినయ్. గీ చిన్న మూటను మాత్రం శ్రీపతిగాని నెత్తిన పెట్టిన. వాగు కాడికెల్లి గద్దె దాక జనంల తొక్కుకుంట నడిచిండు. నడుమ ఒకాయన, పిలగా బరువున్నట్టున్నది, నేను పడుత అన్నడు. వాడు ఇయ్యలే. గద్దె మీద దించి, దండం పెట్టి, చాల సేపు లేవలే. నేను సుత వాన్ని లేపలే. తల్లీ, గిది మా ఇంట్ల ఒక పానం నిలవెట్టింది, లెక్కల నుంచి తియ్యకు అని నేను చెప్పిన.

గా మూటలకెల్లి గద్దె కాడ ఒక్క ముద్ద వాపస్ ఇచ్చిన్రు. సోమవారం పొద్దుగాల బండికి అది తీసుకోని వస్తున్న. టేషన్ల కూసోను, సీదా ఇంటికే వస్త. గప్పుడు నువ్వు ఇంట్ల లేంది చూసి నీ తానకెల్లి పిల్లగాన్ని ఎత్తుకపోయిన. ఈసారి నువ్వు చూస్తుండంగ నీ చేతుల పెడత.

ఎడమ చెయ్యి చాపు.

నీ వదిన,
లక్ష్మీనర్సమ్మ